పెరుగు పక్కన ఎర

వాలుగ చేప బతికున్నదాన్నే వేటాడి తింటుందని చాలామంది అనుకుంటారు. అబద్ధం. మూతి చెవులదాకా చీలినట్టుండే ఆ చేపకు కుళ్లినదంటే ప్రాణం. నాకెలా తెలుసంటారా, దాని కోసం కుళ్లబెట్టిన చేపలన్నీ నా వంటింట్లోనే కుళ్లాయి.

మా ఆయన బాయిలో మైనింగ్ సర్దార్‌గా ఉండేవాడు. బాయి అంటే మా దగ్గర బొగ్గుగని. షిఫ్టు మొదలు కాకముందే లోపలికి పోయి, పైకప్పు తట్టి చూసి, గాలి చూసి, ఆయన రమ్మంటేనే మిగతావాళ్లు పనిచోటికి పోవాలి. అంత బాధ్యత గల మనిషికి ఆదివారం వస్తే గాలం పిచ్చి. గోదావరి మీద బ్యారేజీ కట్టి నీళ్లు నిలిచినప్పటి నుంచి ఆ పిచ్చి ముదిరింది. మార్కెట్లో అమ్ముడుపోని చిన్న చేపలు ముందే తెచ్చి, పొట్టలు కోసి, అటు ఎండకు కాసేపు ఇటు నీడకు కాసేపు పెట్టి మాగేస్తాడు. ఆదివారం పొద్దున వాటిని గాలానికి గుచ్చుతాడు. ఆ వాసన నీళ్లలో పారితే వాలుగ దాన్ని పట్టుకుని వస్తుందట.

నేను చేపలు తినే ఇంట్లోనే పుట్టాను. నీచు వాసన నాకు కొత్త కాదు. కానీ పొట్ట ఉబ్బి, కళ్లు తెల్లబడి, వేలు తగిలితే తోలు ఊడివచ్చే చేప సంగతి వేరు.

మొదట్లో ఆయనకూ అసహ్యమే. ఎరను కవరు మీద కవరు చుట్టి పెరట్లో జామకొమ్మకు వేలాడదీసేవాడు. మూతికి దస్తీ కట్టుకుంటే తప్ప విప్పేవాడు కాదు. నది నుంచి రాగానే నిమ్మచెక్కతో చేతులు రుద్దుకునేవాడు. ఆ మర్యాద ఉన్నంతకాలం నేనూ ఊరుకున్నాను.

కరోనా వచ్చి తగ్గాక ఆ మర్యాద పోయింది. ఎర ఒక్క పల్చటి కవర్లో ఫ్రిజ్‌లోకి, పెరుగు గిన్నె పక్కకు చేరింది. దస్తీ లేదు, నిమ్మచెక్క లేదు. ఒక రోజు ఎర గుచ్చిన చేతిని లుంగీకి తుడుచుకుని అదే చేత్తో అన్నం కలుపుకున్నాడు. నేను పెరట్లోకి పరుగెత్తి వాంతి చేసుకున్నాను. వచ్చి నోటికొచ్చిన తిట్లన్నీ తిడితే నవ్వాడు. సిగ్గులేనమ్మకు నవ్వే సింగారమని మా అవ్వ అనేది. అయ్యలకూ అదే సింగారమని నాకు ఆ రోజు తెలిసింది.

పక్క క్వార్టర్లో ఒక ముస్లిం అక్క ఉంటుంది, ఆపా అంటాం. వాళ్లాయనది మా ఆయన షిఫ్టే, మేము భాయి అని పిలుస్తాం. ఆపా ఒకసారి గోడ మీదుగా, చాలా మెల్లగా, మీ పెరట్లో పిల్లి గిట్ల చచ్చిందేమో చూడమని చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది.

పోయిన ఎండాకాలం ఒకరోజు మంచిర్యాలలో మా చెల్లెలి ఇంటికి పోయి సాయంత్రం తిరిగొచ్చాను. పగలంతా కరెంటు లేదట. తలుపు తీయగానే ఆ కంపు ముఖాన కొట్టింది. ఫ్రిజ్ సందులోంచి బూడిదరంగు నీళ్లు కారి బండల మీద మడుగు కట్టాయి. ఈగలు ముసిరాయి. మా ఆయన దానికి వీపు పెట్టి పీట మీద కూర్చుని, ఫోన్ చూసుకుంటూ చాయ్ తాగుతున్నాడు. తల ఎత్తకుండానే రాత్రికి ఏం కూర అని అడిగాడు.

తిట్టడానికి నోరు తెరిచాను. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నా నేను నిలబడలేకపోతున్నాను. ఎంత సిగ్గులేని మనిషికైనా ఆ కంపులో చాయ్ గొంతు దిగదు. ఆ సంగతి తట్టగానే తిట్టు నోట్లోనే ఆగిపోయింది.

కళ్లు మూసుకోమన్నాను. ఎందుకని నసిగి, మూసుకున్నాడు. ఫ్రిజ్‌లోంచి కవరు తీసి, విప్పి, ఆయన ముక్కు కింద పెట్టాను. చేపల రసం నా వేళ్ల మీదుగా కారుతోంది. ఆయన గట్టిగా పీల్చి, కాసేపు ఆలోచించాడు.

"మామిడికాయ తొక్కు," అన్నాడు. "మీ చెల్లె ఇచ్చిందా?"

నేను కవరు తీసుకుపోయి బయట పారేసి, చేతులు కడిగీ కడిగీ లోపలికి వచ్చాను. మా నాన్న కూడా బాయిలో పనిచేసినవాడే. తవ్వి వదిలేసిన చోట్ల మిగిలిన బొగ్గు తనంతట తానే వేడెక్కి అంటుకుంటుందని, పొగ కనపడకముందే కిరసనాయిలు లాంటి వాసన వస్తుందని చిన్నప్పటి నుంచి వింటూ పెరిగాను. గాలిని చూసే మిషన్లు ఉన్నాయి, కాదనను. కానీ ముక్కును నమ్ముకుని బయటపడ్డవాళ్ల కథలు ఈ క్వార్టర్లలో ఇంటింటికీ ఉంటాయి.

"బాయిల ఎట్ల చేస్తున్నవ్?" అని అడిగాను.

చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత ఒక్కొక్క ముక్కా బయటికొచ్చింది. కరోనా జ్వరం తగ్గినప్పటి నుంచి ఏ వాసనా తెలియడం లేదట. అందుకని లోపలికి పోయేటప్పుడు తోడు రమ్మని పక్కింటి భాయిని తీసుకుపోతున్నాడు. అతణ్ని ముందు నడిపించి, మాటల్లో మాటగా, ఏమన్నా వాసనొస్తుందా అని అడుగుతాడు. ఎందుకు అడుగుతున్నాడో భాయికి తెలియదు.

అప్పుడు కలిగింది అసలు అసహ్యం. దాని ముందు కుళ్లిన చేప ఎంత? ముక్కు పోయినందుకు కాదు, అది ఎవరికైనా పోతుంది. గోడ అవతల ఆపా రోజూ డబ్బా కట్టి పంపే మనిషిని తన ముక్కు చేసుకుని చీకట్లో ముందు నడిపించినందుకు.

"చెప్తే పైన కూసోవెడ్తరు," అన్నాడు, నేల చూస్తూ. "సర్దార్‌గిరి పోతది."

"పోనీ. రేపు పొద్దుగాల నువ్వు చెప్పకుంటే నేనే చెప్త. ముందుగాల పక్కింట్ల చెప్త."

ఆ రాత్రి ఆయన తినలేదు. నేను బతిమాలలేదు. పొద్దున్నే పోయి ఆఫీసులో చెప్పాడు, తర్వాత భాయికి తానే చెప్పుకున్నాడు. దవాఖానకు తిప్పారు, పరీక్షలు చేశారు. ఇప్పుడు పైన ల్యాంప్ రూములో కూర్చుని బాయిలోకి దిగేవాళ్లకు లైట్లు ఇస్తాడు. భాయి చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. అది న్యాయమే. ఆపా మాత్రం నాతో మాట్లాడుతుంది.

గాలం వదల్లేదు. వదలమని నేనూ అనలేదు. కానీ ఎర పదునుకొచ్చిందో లేదో ఆయనకు తెలియదు. మరీ కుళ్లితే గాలం నుంచి జారిపోతుంది, సరిగా మాగకపోతే వాలుగ రాదు. శనివారం సాయంత్రం కవరు పట్టుకుని గడప బయటే నిలబడతాడు. అడగడానికి మొహం చెల్లదు. నేను చేస్తున్న పని ఆపి, కొంగు పక్కకు తీసి, ఆ కవర్లోకి ముఖం వంచి పీలుస్తాను. కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

"ఇంకో పూట ఉండనియ్యి," అంటాను.