తేదీ లేని మెసేజ్

మా పాప పుట్టిన రోజు నంద్యాల ఆస్పత్రిలో నాకు రక్తం చాలా పోయింది. నాది ఓ నెగెటివ్. మా ఇంట్లో ఇంకెవరికీ ఆ గ్రూపు లేదు. మా ఆయన ఫోన్లో చార్జింగ్ అయిపోవడంతో నా ఫోను తీసుకుని, ఒక మెసేజ్ కొట్టి తెలిసిన వాట్సాప్ గ్రూపులన్నిటిలో పెట్టాడు. "అర్జెంట్. ఈ రోజే కావాలి. నంద్యాలలో కాన్పు కేసు, తల్లి పరిస్థితి సీరియస్. ఓ నెగెటివ్ రక్తం ఉన్నవాళ్లు ఈ నెంబరుకు ఫోన్ చేయండి." కింద నా నెంబరు. గంట తిరక్కముందే, బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం నంద్యాలలో గదులు తీసుకుని ఉంటున్న అబ్బాయిలిద్దరు వచ్చి రక్తమిచ్చి వెళ్లారట. వాళ్లెవరో మాకు తెలియదు. అందుకే ఈ ఫోన్లు, గ్రూపులు వచ్చి లోకం చెడిపోయిందని ఎవరైనా నా ముందు కూర్చుని అంటే నేను ఊరుకోను. నేను ఉన్నదే వాటి వల్ల.

అయితే ఆ మెసేజ్‌లో తేదీ లేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు "ఈ రోజే" అని రాస్తాం గానీ, ఏ రోజో చెప్పాలని ఎవరికి తోస్తుంది? ఆళ్లగడ్డలో మా వీధివాళ్లందరికీ ఏ రోజో తెలుసు. అది మా వీధిలో ఆగితే కదా.

మేము పాపను తీసుకుని ఇంటికొచ్చాం. పాపకు పళ్లొచ్చాయి, నడకొచ్చింది, ఎదురు మాట్లాడటం కూడా వచ్చింది. మెసేజ్ మాత్రం "ఈ రోజే" అంటూ తిరుగుతూనే ఉంది. కర్నూలు పోయేది, కడప పోయేది, కొన్నాళ్లకు మళ్లీ మా చర్చి గ్రూపులోకే వచ్చేది. వచ్చిన ప్రతిసారీ నాకు ఫోన్లు. నేను బళ్లో లెక్కల టీచర్ని. నల్లబల్ల మీద భిన్నాలు వేస్తుంటే ఫోను మోగేది.

"అమ్మా, ఆ పేషెంటుకు ఎట్లుంది?"

"ఆ పేషెంటును నేనేనన్నా. బాగుండా. పిల్లోళ్లకు లెక్కలు చెప్తాండా."

కొందరు నవ్వేవారు. కొందరు దేవునికి స్తోత్రం చెప్పి పెట్టేసేవారు. ఒకాయనైతే నేను పోయాననే నిశ్చయించుకుని, ఆత్మకు శాంతి కలగాలంటూ పూలదండ బొమ్మ పంపాడు. దాన్ని నా నెంబరుకే పంపాడు, మహానుభావుడు. రక్తమిస్తామని ఫోన్ చేసినవాళ్లు మళ్లీ చేస్తే ఎత్తకుండా ఉండాలని వాళ్ల నెంబర్లకు పేర్లు పెట్టుకున్నాను. రక్తం కొలిమిగుండ్ల. రక్తం అహోబిలం జీపు. రక్తం బెలుం.

"సిమ్ము మార్చు, పీడ పోతాది" అనేవాడు మా ఆయన.

"బ్యాంకుకు, బడికి, ఆధార్‌కు అన్నిటికీ ఇదే నెంబరు. పనిలేనోళ్లు తిప్పే దానికి నేనెందుకు మార్చుకోవాల?" అన్నాను. మొండిదానివి అన్నాడు. అది నిజమే.

పోయిన సంవత్సరం మా బళ్లో మధ్యాహ్న భోజనం వండే అక్క పొయ్యి దగ్గరే కళ్లు తిరిగి పడిపోయింది. నెలల తరబడి రక్తం పోతున్నా ఎవరికీ చెప్పలేదు. ఆటోలో నంద్యాలకు తీసుకుపోయాం. గర్భసంచి తీసేయాలి, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పు, కానీ ఒంట్లోకి రక్తం ఎక్కించకుండా కత్తి పెట్టలేమన్నాడు డాక్టరు. రెండు సీసాలు కావాలి. గ్రూపు ఓ నెగెటివ్. బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపు అయిపోయింది, మీరే ఎవరినైనా తెచ్చుకోండన్నారు.

నాదీ అదే కదా అని ధైర్యంగా చేయి చాచాను. వేలు గుచ్చి చూసి, "నీకే రక్తం తక్కువుందమ్మా, ఇయ్యకూడదు" అన్నారు. అందరికీ లెక్కలు చెప్పేదాన్ని, నా ఒంటి లెక్క నాకు తెలియదు. కోపంతో ఏడుపొచ్చింది. అక్క మంచం మీద నుంచి నన్ను చూసి, "ఏడవాకు మేడమ్. సోమవారం బియ్యం నానెయ్యాల్సింది యాది మర్చిపోవద్దని నాతో వండే ఆమెకు చెప్పు" అంది.

వెంటనే మెసేజ్ పెట్టాను. ఈసారి మొదటి ముక్కే తేదీ. కిందనే జవాబు వచ్చింది. "ఇది పాతది. ఈ నెంబరు నాలుగేండ్లుగా తిరుగుతాంది. ఎవరూ నమ్మొద్దు." ఎవరో పుణ్యాత్ముడు పాత మెసేజ్‌నూ కొత్త మెసేజ్‌నూ పక్కపక్కన పెట్టి, మీద ఎర్రటి ఇంటూ గుర్తు గీసి వదిలాడు. నా మెసేజ్ కంటే ఆ బొమ్మ ముందు పరుగెత్తింది. ఇది వేరే మనిషి, తేదీ చూడండని బతిమాలాను. దొంగ మెసేజ్‌లవాళ్లు తేదీలు కూడా మారుస్తారని జవాబు. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. అక్కకు అంత వ్యవధి లేదు.

మరునాడు ఆదివారం. అక్క దగ్గర ఆమె భర్తను ఉంచి, పొద్దున్నే బస్సెక్కి ఆళ్లగడ్డకు వచ్చి నేరుగా చర్చికి పోయాను. పాస్టరు వాక్యం చెప్పడం అయ్యాక లేచి విషయం చెప్పాను. అందరూ కళ్లు మూసుకుని కన్నీళ్లతో ప్రార్థన చేశారు. నేనూ చేశాను. ఆమెన్ అన్నాక, ఓ నెగెటివ్ ఎవరికుందని అడిగాను. సగం మందికి తమ గ్రూపేదో తెలియదు. తెలిసినవాళ్లది అది కాదు. "ఫోటో పంపు టీచరమ్మా, అందరం స్టేటస్ పెట్టుకుంటాం" అన్నారు. పెట్టొద్దన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాను. స్టేటస్‌లు పెట్టేవాళ్లు, చేతులు జోడించిన బొమ్మలు పంపేవాళ్లు, పాతదని పసిగట్టేవాళ్లు, అందరూ ఉన్నారు. కానీ రక్తం ఇస్తామని తమంతట తాము ఫోన్ చేసినవాళ్లు వేరే కదా. వాళ్లు నా ఫోన్లోనే ఉన్నారు. "రక్తం" అని కొట్టాను. పేర్లు వరుసగా పైకొచ్చాయి.

మొదటి నెంబరు పనిచేయడం లేదు. కొలిమిగుండ్ల అబ్బాయి ఫోను వాళ్లమ్మ ఎత్తింది, కొడుకు పనికి బెంగుళూరు పోయాడని చెప్పింది. అహోబిలం జీపాయన కొండ మీద ఉన్నాడు. మధ్యలో తనకు కామెర్లు వచ్చాయని, ఇంక ఇవ్వకూడదన్నారని చెప్పి చాలా బాధపడ్డాడు. తర్వాత బెలుం.

"అన్నా, నాలుగేండ్ల కింద మీరు రక్తమిస్తామని ఫోన్ చేసింటిరి. నేను బతికినా. ఈ పొద్దు ఇంకొకామెకు కావాల."



"యాడ?"

"నంద్యాల."

"వస్తాండా."

అంతే. పాతదా, కొత్తదా అని అడగలేదు. నేను మళ్లీ నంద్యాల చేరేసరికి ఆస్పత్రి గేటు దగ్గర మోటార్ సైకిల్ ఆపుకుని, దుమ్ము కొట్టుకుపోయిన మొహంతో నిలబడి ఉన్నాడు. బెలుం గుహల దగ్గర కూల్‌డ్రింకుల అంగడి ఆయనది. ఆదివారమే గిరాకీ ఉండే రోజు. అంగడి మూసి వచ్చాడు. రక్తమిచ్చి, ఇచ్చిన బిస్కెట్లు తిని, "మా తమ్మునిది గూడా ఇదే. సాయంత్రం బస్సుకొస్తాడు" అని చెప్పి వెళ్లిపోయాడు. తమ్ముడు వచ్చాడు. సోమవారం ఆపరేషన్ చేశారు.

మూడో రోజు అక్క లేచి కూర్చుని, ఆస్పత్రి సాంబార్లో పులుపు లేదని వంక పెట్టింది. అప్పుడు నాకు ధైర్యం వచ్చింది. వరండాలోకి వచ్చి బెలుం అన్నకు ఫోన్ చేశాను.

"అక్క లేచి కూచునిందన్నా. మీరు రాకుంటే ఏమయ్యేదో."

"మంచిదమ్మా."

"గిరాకీ పోగొట్టుకుని వచ్చినారు."

"గిరాకీదేముందిలే. అప్పుడు నేను ఫోన్ చేస్తే, అయిపోయిందన్నా, వద్దులే అంటిరి. సరే, ఎవురికన్నా కావాలంటే పిలుస్తారులే అని ఈ నెంబరు తీసెయ్యకుండా పెట్టుకున్నా. ఇన్నేండ్లకు ఎవురూ పిలవల్య. మీరే పిలిచినారు."

 "మళ్లీ పిలుస్తానన్నా" అని చెప్పి పెట్టేశాను. వరండా గోడకు ఆనుకుని "రక్తం" వరుసలో తర్వాతి పేరు నొక్కాను. ఒక పెద్దాయన ఎత్తాడు.

"ఎవురికన్నా కావాల్నా అమ్మా?"

"ఈ పొద్దు ఎవురికీ వద్దన్నా. కావాల్సినప్పుడు పిలిస్తే వస్తారా?"