చిట్టెమ్మ ఇచ్చిన ముచ్చలిక

సఖినేటిపల్లి రేవులో పడవ నడిపి బతికినవాణ్ణి. నాకు కుక్కలంటే గిట్టదు. అలాంటిది ఒక కుక్క కోసం జామీను నిలబడ్డాను. అదంతా చిట్టెమ్మ తెచ్చిపెట్టిన తంటా.

చిట్టెమ్మది మా పక్క పాక. ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఊళ్లు తిరిగేది. నోరు విప్పిందంటే అవతలి ఒడ్డుకు వినబడాల్సిందే. ఆ ముందటేడు కార్తీకంలో ఆమె మొగుడు కొండయ్య సముద్రం మీదికి వేటకెళ్లి తిరిగి రాలేదు. అదే పడవలో పోయినవాళ్ల పెళ్లాలు కులపెద్దల మాట విని గాజులు తీసేశారు. ఈవిడ తీయలేదు. శవమైనా దొరకాలి, కబురైనా రావాలి, అప్పటిదాకా తీయనంది. రోజూ సాయంత్రం ఇద్దరికీ వండేది. కొండయ్య వాటా చిన్న కుండలో వేసి ఉట్టి మీద పెట్టేది. పొద్దున్నే ఆ చద్దన్నం తనే తిని గంప ఎత్తుకునేది. ఏడాది కావస్తున్నా ఆమె కంట నీటిబొట్టు చూసినవాళ్లు లేరు. ఒట్టి మొండిఘటం!

శ్రావణంలో గోదావరి పొంగింది. కొట్టుకొస్తున్న పాకకప్పు మీద ఒక ఎర్రకుక్క వణుకుతూ కనబడింది. నేను వద్దని అరుస్తూనే ఉన్నాను. చిట్టెమ్మ నా పడవ గెడ లాక్కుని, నడుంలోతు నీళ్లలో దిగి, ఆ కప్పును ఒడ్డుకు లాగేసింది. అప్పట్నుంచి కుక్క ఆమె గుమ్మం వదల్లేదు.

ఇంతలో ముమ్మిడివరం వైపు పిచ్చికుక్క కరిచి మనుషులు పోయారని పైనుంచి తాఖీదు దిగింది. దిక్కులేని కుక్కల్ని కొట్టి చంపాలట. పెంచుకునేవాళ్లు కరణంగారి దగ్గర పూచీ పడుతూ ముచ్చలిక అనే ఒప్పుదల కాగితం రాసివ్వాలి, ఒక జామీనుదారుణ్ణి చూపించాలి. అప్పుడే కుక్క మెడలో బిళ్ల కడతారు. తలారి దుడ్డుకర్రతో మా వీధికి రానే వచ్చాడు. చిట్టెమ్మ కుక్కని తాడుతో పట్టుకుని, జామీనుకి నన్ను వెంటబెట్టుకుని కరణం శ్రీరామచంద్రమూర్తిగారి అరుగు దగ్గరికి పరుగెత్తింది. కర్ర పట్టుకుని తలారీ వెనకే వచ్చాడు.

కరణంగారు రాయవలసింది చదివి వినిపించారు. "కుక్కకి తిండి నేనే పెడతాను. పగలు కట్టి ఉంచుతాను. ఎవరినైనా కరిస్తే పూచీ నాది. పిచ్చెక్కితే దాచకుండా తలారికి చెబుతాను. ఒప్పుకుంటావా?"

"ఆయ్, ఒప్పుకుంటానండి."

"ముచ్చలిక ఇంటి యజమాని ఇవ్వాలమ్మా. కొండయ్య ఉన్నాడా?"

"ఉన్నారండి. వేటకెళ్లేరు."

"ఉంటే అతనే రావాలి. లేడంటే నువ్వే యజమానివి, నీ పేరునే రాస్తాను. ఉన్నాడని రాసి నీచేత నిశానీ పెట్టిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. ఏదో ఒకటి తేల్చు."

నాకు ఒళ్లు మండింది. "ఇదెక్కడి చోద్యమండి! కుక్కని పెంచుకోడానికి మొగుడు పోయాడని చెప్పాలా?"

"తాఖీదు నేను రాశానేంటయ్యా?" అని కరణంగారు తల దించుకున్నారు.

చిట్టెమ్మ తలారి కర్ర వైపు చూసింది. కుక్క ఆమె కాళ్లకి ఆనుకుని కూర్చుంది.

"ఇది నీళ్లలోంచి వచ్చిందండి. ఆయన రాలేదు," అంది. కుక్క తాడు చేతికి బిగించి చుట్టుకుంది. "లేరనే రాయండి."

ఆయన రాశారు. చదువురాని మగవాళ్లు మా రేవులో తెడ్డు గుర్తు గీసేవారు. ఆడవాళ్లు చేతిగాజు సిరాలో ముంచి కాగితం మీద అద్దేవారు. అదే వాళ్ల నిశానీ. మొగుడు లేడని రాయించుకున్న మనిషిని గాజు అడగాల్సి వచ్చిందని కరణంగారికి అప్పుడు తట్టినట్టుంది.

"నువ్వు వేలు అద్దినా చాలమ్మా," అన్నారు మెల్లగా.

"ఎందుకండీ, చేతికున్నాయి కదా."

ఒక గాజు తీసింది. సిరాలో ముంచి కాగితం మీద అద్దింది. దాన్ని మళ్లీ చేతికి తొడుక్కోలేదు. మిగతావీ తీసి, అన్నీ కొంగున ముడేసుకుంది. కాగితం మీద ఆ గాజు గుర్తు కింద జామీనుకి నేను తెడ్డు గీశాను. అది వంకరగా వచ్చింది. తలారి కుక్క మెడలో బిళ్ల కట్టి, ఎవరివైపూ చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కూడా చిట్టెమ్మ ఇద్దరికీ వండింది. చిన్న కుండ ఉట్టికి ఎక్కించబోయి, ఆగి, కింద పెట్టింది. అందులో అన్నం కుక్కకి వేసింది. అది తిన్నంతసేపూ పక్కనే కూర్చుని, అవతలి ఒడ్డుకు వినబడేలా ఏడ్చింది.