మూడో తరగతిలో అరిచిన భూమి

ఒక్క పాఠంతో నలభై రెండు మంది పిల్లలను వరండాలో పరుగులు పెట్టించిన టీచరును మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. పరుగెత్తని పిల్లలెంతమంది అని అడక్కండి, సున్నా. లెక్కలు నేను తప్పు చెయ్యను. ఆ రోజు తప్పినవి మిగతావన్నీ.

అప్పుడు నాకు యాభై నాలుగేళ్ళు. మెట్టుగూడలో ఒక చిన్న ప్రైవేటు బడిలో మూడో తరగతి చెబుతున్నాను. వీధికి రెండు కంప్యూటర్ కోర్సుల బోర్డులు లేస్తున్న రోజులు. ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మా బడికి రోబో కిట్ ఇచ్చింది. మా కరస్పాండెంట్ గారు టీచర్లందరినీ నిలబెట్టి, యంత్రంతో పాఠం చెప్పలేనివాళ్ళు వచ్చే జూన్‌లో రానక్కర్లేదన్నారు. అంటూ నా నెరిసిన జుట్టు వైపే చూశారు. శుక్రవారం పదకొండింటికి కంపెనీ ఆయన వస్తారు. పాఠం భూమి వేడెక్కడం. టీచరు నేను.

నేను మిక్సీ స్విచ్ వేసి రెండడుగులు వెనక్కి గెంతే మనిషిని. ఆ వారం బడి గంట కొట్టినా ఉలిక్కిపడ్డాను.

కంప్యూటర్ టీచర్ షహనాజ్ ఆదుకుంది. నాలుగు చక్రాల బండి మీద ప్లాస్టిక్ భూగోళం బిగించి, వేడి పసిగట్టే సెన్సారు, రెండు ఎర్ర లైట్లు, ఒక సైరన్ తగిలించింది. పక్కనే బల్బు, అది సూర్యుడన్నమాట. సూర్యుడు వెలిగితే భూమి వేడెక్కి అరుస్తూ పరుగెడుతుంది.

"ఎంత వేడికి అరవాలె మేడం?" అని అడిగింది.

బడి మొత్తానికి ఏసీ ఉన్నది కంప్యూటర్ గది ఒక్కదానికే. అదీ కంప్యూటర్ల సుఖం కోసం. గుడిలోకి వెళ్ళినట్టు చెప్పులు బయట విడిచి వెళ్ళాలి. అక్కడ మూడు రోజులు థర్మామీటర్ పట్టుకుని కూర్చున్నాను. పొద్దున ఇరవై నాలుగు డిగ్రీలు, మధ్యాహ్నం ఇరవై నాలుగు, సాయంత్రం ఇరవై నాలుగు. భూమి రెండు డిగ్రీలు పెరిగినా ముప్పేనని ఎక్కడో చదివాను. ఇరవై నాలుగుకి ఆ రెండూ కలిపాను.

"ఇరవై ఆరు పెట్టమ్మా" అన్నాను ధీమాగా.

గురువారం పిల్లలను సిద్ధం చేశాను. మంచు కరిగితే సముద్రం పొంగుతుందనీ, భూమి అరిచిందంటే ముప్పు వచ్చినట్టేననీ, అప్పుడంతా చల్లని చోటు వెతుక్కోవాలనీ చెప్పాను. కొంచెం ఎక్కువే చెప్పాను. మాది భీమిలి దగ్గర. సముద్రం గురించి మొదలుపెడితే ఆపడం నాకు రాదు.

శుక్రవారం వచ్చింది. ఏప్రిల్ ఎండ, మా తరగతికి రేకుల కప్పు. పైగా కంప్యూటర్ గది ఏసీ వెనకభాగం మధ్యగోడలోంచి మా వైపుకే పొడుచుకొచ్చి ఉంటుంది. అక్కడి వేడంతా మాకు ఊదుతుంది. సరిగ్గా ఆ గాలికి ఎదురుగా బల్ల వేసి భూమిని పెట్టింది ఎవరో వేరే చెప్పాలా?

బండి స్విచ్ వేశాను. సూర్యుణ్ణి ఇంకా వెలిగించనేలేదు. అంబులెన్సును మింగినట్టు భూమి ఒకటే అరుపు. ఎర్ర కళ్ళతో బల్ల మీంచి దూకి నా కుచ్చిళ్ళలో దూరింది. నేను కుర్చీ ఎక్కాను. టీచరే కుర్చీ ఎక్కితే పిల్లలు ఏమనుకుంటారు?

"టీచర్, నీళ్ళు ఏడిదాంక వచ్చినయ్?" అంది ముందు బెంచీ మల్లిక, ఏడుపు గొంతుతో.

నేను కుచ్చిళ్ళు ఇంకాస్త పైకి ఎత్తి పట్టుకున్నాను. దాంతో సముద్రం పక్కనున్న తార్నాక దాటేసిందని తేలిపోయింది. నలభై రెండు మందీ చల్లని చోటికి పరుగెత్తారు. అంత ప్రాణభయంలోనూ కంప్యూటర్ గది గుమ్మం ముందు ఆగి, బూట్లు విప్పి, వరసగా పెట్టి మరీ లోపలికి దూరారు. వెనకాలే పరుగెత్తిన నేను ఎనభై నాలుగు బూట్లూ లెక్కపెట్టాను.

లోపల కరస్పాండెంట్ గారూ కంపెనీ ఆయనా మా పాఠానికి వచ్చేముందు చల్లగా టీ తాగుతున్నారు. నా ఉద్యోగం ఆ గుమ్మంలోనే పోయిందనుకున్నాను.

"ఏందిదంతా?" అన్నారు కరస్పాండెంట్ గారు.

మల్లిక ముక్కు తుడుచుకుంది. "భూమి వేడెక్కింది సార్. గీడ ఒక్కకాడనే సల్లగుంది. మీరిద్దరే కూసున్నరు, జెర జరుగుండ్రి."

కంపెనీ ఆయన టీ కప్పు కింద పెట్టారు. లేచి మా తరగతిలోకి వెళ్ళి, ఏసీ వెనక చెయ్యి పెట్టి, చురుక్కుమనగానే వెనక్కి లాక్కున్నారు. ఇంత బాగా అర్థమయ్యే పాఠం తానెక్కడా వినలేదనీ, ఈ టీచరును వదులుకోవద్దనీ చెప్పి వెళ్ళారు. అలా జూన్‌లో నా కుర్చీ నాకు దక్కింది.

సోమవారం కరస్పాండెంట్ గారు గట్టి చర్య తీసుకున్నారు. ఏసీ ఎక్కడిదక్కడే ఉంచి, భూమికి సైరన్ పీకించేశారు.

ఇకమీదట ఏ తరగతిలోనైనా పిల్లల బెంచీ మీద పది నిమిషాలు చెమటోడ్చి కూర్చున్నాకే భూమి ఊసెత్తుతానని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నాకిప్పుడు డెబ్బై ఎనిమిది. పాఠం చెప్పమని పిలిచేవాళ్ళు లేరు కాబట్టి, ఈ ప్రమాణం తప్పే ప్రసక్తే లేదు.