నా నడకను కొలిచిన రోజు, తిరుపతిలో

కాణిపాకం గుడి దగ్గర గరికమాలలు కట్టి అమ్ముతాను. కట్టెలపొయ్యి పొగకు నా ఊపిరితిత్తులు చెడిపోయి చాలా ఏళ్ళయింది. ఈమధ్య కాళ్ళు కూడా వాస్తుంటే, గుండె కూడా పోయిందేమోనని నిద్ర పట్టలేదు. తిరుపతిలో గుండెకు స్కానింగు, నడక పరీక్ష చేయించుకోమన్నారు. "నడవలేకపోతే అంగడి నా తమ్మునికి ఇచ్చేద్దాం" అని మా ఆయన ముందే తేల్చేశాడు. నా భయమంతా అదే.

ఆరింటి బస్సెక్కితే ఎనిమిదిన్నరకల్లా తిరుపతిలో దిగాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ లేదు. "నీకు ఓసీ, నాకు మాత్రం దుడ్లా!" అని మా ఆయన దారంతా సణిగాడు. నేనేమో సంచిలో ఇన్‌హేలర్ ఉందో లేదోనని తడుముకుంటూనే ఉన్నాను. బస్టాండు నుంచి ఆసుపత్రికి షేర్ ఆటో. "మెల్లగా పోనీ నాయనా, గుండె పరీక్షకు పోతాండా" అంటే, "నేను తోలేదానికి నీ గుండెకు ఈడనే పరీక్ష అయిపోతాదిలే అవ్వా" అని నవ్వాడు డ్రైవరు.

ఎదమీద చల్లటి జిగురు రాసి గుండెను టీవీలో చూశారు. తర్వాత నర్సు వేలికి క్లిప్పు తగిలించి, వరండాలో ఆరు నిమిషాలు అటూ ఇటూ నడవమంది. "నీ తీరుగా నడువు అవ్వా, ఆయాసమొస్తే నిలబడు." నేను అడుగు వేసేలోపే మా ఆయన ముందుకు వెళ్ళి, "రావే నా ఎనకాల" అన్నాడు. పెళ్ళయినప్పటి నుంచీ ఎక్కడికెళ్ళినా ఆయన వెనకే, ఆయన వేగానికే నడిచినదాన్ని. అప్పుడూ అలాగే వెంట నడిచాను. సగంలోనే ఊపిరాడక గోడ పట్టుకుని కూలబడ్డాను.

"సూసినారా, ఇంతే ఈమె" అన్నాడాయన నర్సుతో.

"నిన్నెవురు నడవమన్నారు పెద్దాయనా? పరీక్ష నీకా, అవ్వకా? బయటికి పో!"

గంటసేపు కూర్చోబెట్టి, మళ్ళీ నడిపించింది. ఒక్కదాన్నే, మెల్లగా, ఎక్కడా ఆగకుండా ఆరు నిమిషాలూ నడిచాను.

"ఊపిరితిత్తుల బరువు గుండె కుడివైపు పడతా ఉండాది. అయినా గుండె పనిచేస్తా ఉండాది" అంది డాక్టరమ్మ. "మందులు మానొద్దు, పొగ దగ్గరికి పోవద్దు. రోజూ కొంచెం నడువు. కూర్చునే ఉంటే కాళ్ళలో సత్తువ పోయి ఆయాసం ఇంకా పెరుగుతాది."

"అంగడికి పోవచ్చా తల్లీ?"

"నిదానంగా పో."

తిరుగు బస్సులో ఆ మాట ఆయనకు చెప్పాను. కిటికీలోంచి బయటికి చూస్తూ, "నిన్ననే తమ్మునికి అంగడి తాళం ఇచ్చేసినా" అన్నాడు. పరీక్షకు ముందురోజే!

వరండాలో ఆయన నాకు సాయం చేద్దామని ముందు నడిచాడో, ఓడిద్దామని నడిచాడో ఇప్పటికీ తెలియదు. అడిగితే గొడవ. ఇప్పుడు రోజూ ఉదయం నడిచి వెళ్ళి, నా అంగడికి ఎదురుగా గోనెపట్టా పరుచుకుని గరిక అమ్ముతున్నాను. మరిది తల తిప్పుకుంటాడు. దారిలో రెండుమూడు చోట్ల ఆగుతాను, ఇక్కడే పోతానేమోనని భయపడతాను, ఊపిరి కుదురుకున్నాక మళ్ళీ నడుస్తాను.

ఈ పరీక్షకు వెళ్ళేవాళ్ళకు ఒక్క మాట. తోడు వచ్చినవాళ్ళను తలుపు అవతలే కూర్చోబెట్టండి.