మూడోసారి అడగొద్దు

అమెరికా సైన్యంలో ఉన్న మా తమ్ముడు ఇరాక్‌లో చనిపోయిన ఏడాది, సెప్టెంబర్‌లో, వాడితో పనిచేసిన రిజర్వ్ సైనికుడు ఒకతను టెక్సస్‌లో, ప్లేనోలోని మా ఇంటికి వచ్చాడు. తల మీద చిన్న గుండ్రటి టోపీ. నిష్ఠగల యూదుడు. శుక్రవారం పొద్దుగూకింది మొదలు శనివారం పొద్దుగూకేదాకా బండి నడపడు, ఫోన్ ముట్టడు. ఇది తమ్ముడే ఇదివరకు చెప్పాడు. ఇక్కడ నెలనెలా డ్రిల్‌కి వెళ్ళే రోజుల నుంచీ ఇద్దరూ డ్యూటీలు మార్చుకునేవాళ్ళు. శనివారం వీడు, ఆదివారం అతను.

"మా అమ్మకి కూడా శనివారమే, వెంకటేశ్వరస్వామి. ఆవిడ ఫాస్టింగ్, నేను డ్రైవింగ్ అన్నానక్కా వాడితో," అని నవ్వేవాడు తమ్ముడు.

అమ్మ పెట్టిన ఉప్మా అతను తినలేదు. మా గిన్నెల్లో వండింది తినకూడదట. "పోనీ పండు తింటాడేమో అడగవే," అంది అమ్మ. అరటిపండు తీసుకుని, ఒలవకుండా చేతిలో పట్టుకునే చెప్పాడు. ఆ శనివారం ట్రక్కు నడపాల్సింది అతను. తమ్ముణ్ణి అడిగాడు. వాడు సరేనన్నాడు. దారిలో బాంబు పేలింది.

"యుద్ధంలో శనివారం నడిపినా మీకు తప్పు లేదు కదా?" అన్నాను. అంతమాత్రం చదివాను.

"లేదు మేడమ్. వెళ్ళేముందే మా మతగురువుని, రబ్బైని అడిగాను. నడపొచ్చన్నారు."

"మరి?"

"నడిపిన శనివారాలు నాకు శనివారాల్లా ఉండేవి కావు. మీ తమ్ముడు ఎప్పుడూ కాదనలేదు." తల దించుకున్నాడు. "నన్ను క్షమించగలరా?"

"లేదు."

"ఏమంటున్నాడే?" అంది అమ్మ. చెప్పాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత, "పాపం, వాడేం చేస్తాడే. మనవాడు సరేనన్నాడు కదా. ఫర్వాలేదని చెప్పు," అంది.

"మీ అమ్మగారు ఏమన్నారు?" అని అతను అడిగాడు.

"పండు తినమంటోంది," అన్నాను.

యుద్ధం మీద నాకున్న కోపానికి ముఖం లేదు. దీనికి ఉంది. దేవుడు వద్దన్నాడని చెప్పి ఉంటే ఆ దేవుణ్ణి తిట్టుకునేదాన్ని. దేవుడు నడపొచ్చన్నాడు, ఇతనే ఒప్పుకోలేదు. మడి కట్టుకునేవాళ్ళు మా చుట్టాల్లోనూ ఉన్నారు. మడి వాళ్ళది, బయటి పనులన్నీ మైలపడ్డా ఫర్వాలేనివాళ్ళవి. మా తమ్ముడు ఎవరి మడికీ అడ్డు చెప్పే రకం కాదు.

వారం తర్వాత మళ్ళీ వచ్చి అడిగాడు. మళ్ళీ లేదన్నాను. ఈలోగా లైబ్రరీకి వెళ్ళి చదివాను. సంవత్సరానికి ఒకసారి వాళ్ళు పాపాలకు ఉపవాసం ఉండే రోజు వస్తుంది. దానిలోపు, అన్యాయం జరిగిన మనిషి దగ్గరికి వెళ్ళి క్షమించమని అడగాలి. మూడుసార్లు అడిగినా ఆ మనిషి ఒప్పుకోకపోతే ఇక అడగనక్కర్లేదు. అడిగినవాడి బాధ్యత తీరిపోయినట్టే. అది చదివి పుస్తకం మూసేశాను.

అతను మూడోసారి వచ్చినప్పుడు తలుపు దగ్గరే ఆపాను.

"అడగొద్దు. నేను మళ్ళీ లేదంటే మీ పని అయిపోతుంది. నాకు తెలుసు."

అతని ముఖం ఎర్రబడింది. "అయితే నన్నేం చేయమంటారు?"

"నన్ను అడుగుతారేం? మీ రబ్బైని అడగండి. ఆయన చెప్పింది ఈసారైనా చేయండి."

వెనక నుంచి అమ్మ వచ్చింది. "మళ్ళీ వచ్చాడా? గుమ్మంలో నిలబెట్టావేంటే, కూర్చోమను."

ఏమన్నారన్నట్టు నా వైపు చూశాడు. కూర్చోమంటోందన్నాను. కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన పండు ఈసారి ఒలిచి, ఏదో మంత్రం మెల్లగా చదువుకుని తిన్నాడు. తొక్క ఎక్కడ వేయాలో తెలియక పట్టుకునే ఉంటే అమ్మ చెయ్యి చాపి తీసుకుంది. అడగకుండానే వెళ్ళాడు.

ఏటా ఉపవాసానికి ముందు వస్తాడు. అమ్మ దగ్గర కూర్చుంటాడు, పండు తింటాడు. ఆ మూడోసారి మాత్రం ఇంతవరకూ అడగలేదు. మొదటి రోజు అమ్మ ఫర్వాలేదన్న మాట నేనూ చెప్పలేదు.