పసుపు అద్దిన బటన్లు

జుగ్సలాయిలో నేను పనిచేసే పెళ్లికార్డుల షాపులో ఒక కంప్యూటర్ ఆపరేటర్ అమ్మాయి ఉండేది. కార్డుల మూలలకు పసుపు పూయడం నా పని. ఎవరైనా మౌస్ పట్టుకుని వెతుకుతుంటే ఆమెకు చిరాకు. "మెనూలో తిరగడానికి అదేటి, బజారా?" అనేది. వెంటనే సెట్టింగుల్లోకి వెళ్లి ఆ పనికి కీబోర్డుమీద ఒక బటన్ కేటాయించేసేది.

నేను యాభై దాటాక తెలుగు అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఇంగ్లీషు మెనూ చదవలేను. అయినా నాకు కంప్యూటర్ నేర్పుతానని పట్టుబట్టింది. పేర్లు మధ్యకు జరపడానికి, రంగు మార్చడానికి, ప్రింటు తీయడానికి మూడు బటన్లు ఏర్పాటు చేసి, గుర్తుకు వాటిమీద నా గిన్నెలోని పసుపే అద్దింది. రోజూ సాధన చేయించింది.

"విశ్వకర్మ పూజ మర్నాడు ఒక కార్డు నువ్వే సెయ్యాల. సేత్తే రెండో కంప్యూటర్ నీదే" అన్నాడు యజమాని.

పనిముట్లకు బొట్లు పెట్టే ఆ పూజనాడు ఆయనే భక్తికొద్దీ కీబోర్డులోని బటన్లన్నింటికీ పసుపు బొట్లు పెట్టేశాడు!

మర్నాడు దాని ముందు కూర్చుంటే బటన్లన్నీ ఒకేలా కనిపించాయి. "నా బటన్లేవే?" అన్నాను మెల్లగా.

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. "కళ్లు మూసుకో పిన్నీ. పసుపు పూసినప్పుడు కార్డు మూల ఎక్కడుందో ఎతుక్కుంటావేటి?"

మూసుకున్నాను. వేళ్లు వాటంతటవే వెళ్లాయి. కాసేపటికి ప్రింటర్ గరగరమంది. కళ్లు తెరిచేసరికి పేర్లు మధ్యలో, ఎర్రగా, చక్కగా వచ్చాయి.

"మరి ఈ కార్డుకి పసుపెవరు పూత్తారు?" అన్నాడు యజమాని.

ఆ అమ్మాయి అప్పటికే నా పసుపు గిన్నె అందుకుంది.