భీమిలి హోటల్లో విన్న చప్పుడు

దయ్యాల కథ ఎవరు ఎత్తుకున్నా ఎగతాళి చేసేవాణ్ణి. ఏళ్ల తరబడి భూమి కింద పనిచేసినవాడికి కనబడకుండా మిగిలిపోయే దయ్యం ఏముంటుంది? ఇప్పటికీ తాయెత్తు కట్టను, ముహూర్తం చూడను. అందుకే ఈ సంగతి నలుగురిలో చెప్పుకోలేదు.

గోదావరిఖనిలో ఒక బొగ్గుబాయిలో నేను సర్దార్‌ని. మనుషులు పనిలోకి వెళ్లేముందు పైకప్పు గట్టిగా ఉందో లేదో చూసి చెప్పడం నా పని. కర్రతో బండను కొట్టి వింటాం. గట్టిదైతే ఖంగుమంటుంది. లోపల విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. మేము తినే తిండి ఈ చెవి పెట్టిందే.

రాజలింగు నా జోడీ. కప్పు కింద దుంగలు నిలబెట్టేవాడు. వాడూ కప్పు కొట్టి చూసేవాడు గానీ, వాడి తీరు వేరు. గబగబా రెండు దెబ్బలు, ఆగి, ఒకటి. మా బాయిలో అలా కొట్టేవాడు వాడొక్కడే.

తొంభైల మొదట్లో ఒక పొద్దుటి షిఫ్టులో నేను కప్పు కొట్టి, మంచిదే అన్నాను.

"నువ్వు మంచిదంటే మంచిదే బావా," అని రాజలింగు లోపలికి నడిచాడు. గంట తిరక్కుండా బండ వాడి మీద కూలింది.

విచారణలో నా తప్పు లేదని రాశారు. ఆ కాగితం నాకేం ధైర్యం చెబుతుంది? నా చెవి మీద నాకే నమ్మకం పోయింది. ఏ కప్పు కింద కూర్చున్నా ముద్ద దిగేది కాదు. బాయిలోకి దిగనని, పైన ఏదైనా పని ఇమ్మని దరఖాస్తు రాసి జేబులో పెట్టుకున్నాను. అది ఇచ్చేలోపే నా భార్య భాగ్య పోరుపెట్టి, కంపెనీ ప్రయాణఖర్చు, ఎల్‌టీసీ, తీయించి, విశాఖపట్నం బయలుదేరదీసింది.

విశాఖలో మొదటిరోజు చైనా హోటల్‌కు వెళ్లాం. నూడుల్స్ తింటానని మా ఏడేళ్ల బిడ్డ స్వప్న రైల్లోనే మొండికేసింది. "గీ సేమ్యాల ఇంతగనం మిరియాలెందుకు ఏసిన్రు?" అని వంకలు పెడుతూనే భాగ్య ప్లేటు ఖాళీ చేసింది. నేను పైకప్పు చూస్తూ కూర్చున్నాను. నా సూపు చల్లారిపోయింది. తినడానికిచ్చిన రెండు పుల్లలు స్వప్న గౌను జేబులో దాచుకుని తెచ్చింది.

మర్నాడు భీమిలి. సముద్రానికి ఎదురుగా ఒక పాత డాబాలో, బర్మా నుంచి తిరిగొచ్చిన పెద్దావిడ ఒకామె హోటల్ నడుపుతోంది. కొబ్బరిపాలు పోసిన నూడుల్స్‌కు పేరట. మిట్టమధ్యాహ్నం. లోపలి గదిలో మేం ముగ్గురమే. పొగలుకక్కే గిన్నెలు వచ్చాయి. ఆ వాసనకు ఎన్నాళ్లకో నాకు ఆకలి పుట్టింది. చెంచా ఎత్తాను.

పైన టకటక. ఆగి, టక్.

చెంచా అలాగే ఉండిపోయింది. మళ్లీ వినిపించింది. రెండు, ఆగి, ఒకటి. చివరి దెబ్బ డొల్లగా పలికింది.

బిడ్డను చంకనేసుకుని, భాగ్య రెక్క పట్టి వరండాలోకి లాక్కొచ్చాను.

"మల్ల మొదలువెట్టినవా? ఇజ్జత్ తీస్తున్నవ్ గదయ్యా!" భాగ్య ఏడుపొక్కటే తక్కువ.

పెద్దావిడ గాభరాగా వచ్చింది. "ఏటైనాది బాబూ? రుచి బాగునేదా?"

సిగ్గుతో చచ్చిపోయాను. గిన్నెలు బయటికి తెస్తానని ఆమె లోపలికి వెళ్లబోతే మాత్రం చెయ్యి అడ్డం పెట్టాను.

అప్పుడు పడింది. తలుపంత పెచ్చు, సరిగ్గా మా బల్ల మీద. స్వప్న కూర్చున్న కుర్చీ విరిగి ముక్కలైంది.

"పైన ఎవలున్నరమ్మా?" అని అడిగాను.

"ఎవులూ నేరు బాబూ. పైకి మెట్లే నేవు," అంది ఆమె.

డాబా చుట్టూ తిరిగి చూశాను. మెట్లు లేవు, నిచ్చెన లేదు, కప్పు మీదికి వంగిన కొమ్మ కూడా లేదు. ఆమె మళ్లీ వండి వరండాలోనే పెట్టింది. రాజలింగు పోయాక నేను కడుపునిండా తిన్నది ఆ రోజే.

ఉప్పుగాలికి లోపలి ఇనుము తుప్పుపట్టి పెచ్చు ఊడిందని అందరూ అన్నారు. నిజమే. అలవాటైన చెవి ముందే పసిగట్టి ఉంటుంది. భాగ్య తనకేమీ వినబడలేదంది. ఆ దెబ్బలు నా భ్రమేనని నేనూ సర్దుకున్నాను.

తిరుగు రైల్లో స్వప్న చైనా పుల్లతో బెర్తు చెక్కను కొడుతూ ఆడుకుంటోంది. రెండు, ఆగి, ఒకటి.

పుల్ల పట్టుకుని ఆపాను. "గట్ల కొట్టుడు ఎవలు నేర్పిన్రు బిడ్డా?"

"ఎవలు నేర్పలే బాపూ. కుర్చీ ఇరిగిన హోటల్ల పైన కొట్టిన్రు గద. నువ్వు ఇనలేదా?"

పిల్ల ఎన్నడూ బాయిలోకి దిగలేదు. రాజలింగు దెబ్బ తీరు నేను ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు.

ఆ దరఖాస్తు ఇవ్వలేదు. రిటైరయ్యేదాకా కప్పు కొడుతూనే ఉన్నాను. నా మాట నమ్మి పోయినవాడు నా బిడ్డ కోసం వచ్చాడా? ఏమో, తెలియదు. నా చెవిని నేనే నమ్మని ఆ రోజుల్లో, ఆ ఒక్క చప్పుడును ఎందుకు నమ్మానో కూడా తెలియదు.